పీతల యోడ తిరుగు ప్రయాణము

జపానుదేశపు టుత్తరమున హకొదాతె యను రేవు గలదు. 1920 తరువాతి యేండ్లలో నచ్చటినుండి ప్రాతయోడలు వసంతమున కమ్చాట్కా సముద్రమునకు బోయెడివి. చిన్నపడవలు పీతలను దెచ్చుచుండ, ఓడలోనే వానిని ఉడికించి, పెంకు వొలిచి, మాంసమును డబ్బాలలో బిగించెడివారు. ఆ డబ్బాలు విదేశముల భోజనపు బల్లలకు జేరెడివి. పనివారిలో బెక్కండ్రు పేదరైతుల బిడ్డలు.

హకుఐ మారు అను నోడ రష్యా యుద్ధమున క్షతగాత్రులను మోసినది. అదియే పీతల యోడయై 1926లో రేవు జేరినపిమ్మట, అందలి కూలీలు పడిన హింసలు పత్రికల కెక్కినవి. కొబయాషి తకిజి 1929లో ‘కానికోసెన్’ నవల వ్రాసి, అందలి చిక్కును జూపెను: ఇది కర్మాగారము గావున నౌకాశాసనము వర్తింపదు, ఓడ గావున కర్మాగారశాసనమును వర్తింపదు. ఆ రచయిత 1933 ఫిబ్రవరి 20న పోలీసు నిర్బంధమున మరణించెను.

మత్స్యనౌకలలోని పనిని గూర్చి అంతర్జాతీయ కార్మికసంస్థ 2007లో జేసిన యొడంబడిక 2017లో నమలునకు వచ్చెను. శాసన మొక్కటియే చాలదని మా యభిప్రాయము. తీరము కనబడని చోట తనిఖీ సేయువా రెవరు? ఓడ యింటికి వచ్చినపుడు డబ్బాలను లెక్కించువారు దిగివచ్చిన మనుష్యులను గూడ లెక్కింపవలయును. కూలివానిచే పొలము సేయించు మనకును ఈ ధర్మము పరాయిది గాదు.