బత్తాయి ఆకులలో నైట్రేటు పాకము

నత్రజని యెరువు వేసినను కొన్ని తోటలలో బత్తాయి ఆకులు పసుపు వన్నె దాల్చును. ఎరువు చాలలేదని రైతులు మఱల వేయుదురు. ఇట్లు చేయుటకు ముందు ఆకు చేయు పని నెఱుంగవలెను.

నైట్రేటు నీటితోఁ గూడి వేళ్ల ద్వారా ఆకునకుఁ జేరును. నీటఁ గరఁగించి చల్లినచో ఆకు తానే పీల్చుకొనును. లేత ఆకులు, ఆకు అడుగుభాగము అధికముగాఁ బీల్చును. అయినను నైట్రేటు నేరుగా ఆహారము కాదు. ఆకు దానిని మొదట నైట్రైటుగాను, పిదప అమ్మోనియాగాను మార్చి, అందుండి మాంసకృత్తులను నిర్మించుకొనును. ఇందులకు వలయు శక్తి సూర్యరశ్మి వలన లభించును. మొదటి మార్పునకు మాలిబ్డినమ్ అను లోహము అత్యల్పముగానైనను ఉండవలెను. అది లేనిచో నైట్రేటు మాఱక ఆకులోనే నిలిచిపోవును.

అమెరికాలోని ఫ్లోరిడాయందు నారింజ జాతి చెట్ల ఆకులపై పసుపు మచ్చలు పడు తెగులు చిరకాలముగా నుండెను. మాలిబ్డినమ్ కొఱతయే దానికి మూలమని 1952లో ప్రకటింపఁబడెను. ఆ లోహపు లవణమును ఆకులపైఁ జల్లఁగా తెగులు కుదిరెను.

పుల్లని నేలలో ఈ లోహము వేళ్లకుఁ జక్కఁగా నందదు. సున్నము వేసినచో నందును. ఆకులు పసుపగుటకు ఇనుము, జింకుల కొఱతయు, నీరు నిలుచుటయు కారణములు కావచ్చును. కావున ఎరువు పెంచుటకు ముందు మన్నును, ఆకును పరీక్ష చేయించుట రైతులకు మేలు.