ఎమ్యులేటర్ తప్పు కాదు, ఆట ఎక్కడిదన్నదే లెక్క

శింగనమలలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నాది. స్క్రీన్‌గార్డు వేయించుకోడానికి వచ్చిన పిల్లలు పని అయ్యాక గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "అన్నా, పీపీఎస్ఎస్‌పీపీలో గాడ్ ఆఫ్ వార్ ఎక్కిస్తావా? యాభై ఇస్తా." యాప్ ఎక్కించి ఇస్తాను, దానికి డబ్బులు కూడా తీసుకోను. ఆట మాత్రం ఎక్కించను. "యాప్ ఎక్కిస్తివి కదన్నా, ఆట ఎక్కిచ్చేదానికేమొచ్చె?" అని అలుగుతారు. వచ్చిన చిక్కేమిటో వాళ్లకు చెప్పీ చెప్పీ, ఇక రాసేద్దామనుకున్నాను.

వీడియో గేమ్ కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె. అందులోని చిప్పుకు తెలిసిన ఆదేశాలు వేరు, మన ఫోన్ చిప్పుకు తెలిసినవి వేరు. ఆటలోని ఒక్కో ఆదేశాన్నీ అప్పటికప్పుడు ఫోన్‌కు అర్థమయ్యేలా మార్చి, తాను అసలు పెట్టెలోనే ఉన్నానని ఆటను నమ్మించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. 2000లో సోనీ తెచ్చిన ప్లేస్టేషన్ 2 లో ఉన్నది 32 ఎంబీ ర్యామ్ మాత్రమే. మరి 4 జీబీ ఉన్న ఫోన్ దాని ఆటలకు ఎందుకు పెనంలా కాలిపోతుంది? ఆ పెట్టెలో బొమ్మకొకటి, శబ్దానికొకటి, లెక్కలకొకటి అని చిప్పులన్నీ ఒకేసారి పనిచేసేవి. వాటన్నిటి వేషమూ ఫోన్ ఒక్కటే కట్టాలి, ఒక్క క్షణం కూడా తాళం తప్పకూడదు. చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ ఆటలైతే (పీపీఎస్ఎస్‌పీపీ నడిపేది వీటినే) పదివేల ఫోన్‌లోనూ చాలావరకు సాఫీగా నడుస్తాయి.

ఈ వేషాలు మా తరానికి కొత్తేమీ కాదు. తొంభైలలో శెనక్కాయ పంట చేతికొచ్చిన ఏడు ఎవరింట్లోనో ఒకరింట్లో టీవీ గేమ్ దిగేది. పసుపుపచ్చ క్యాసెట్, దానిమీద 9999 ఆటలని అచ్చు, లోపల చూస్తే అవే పదీ ఇరవై ఆటలు తిరిగి తిరిగి. పనిచేయకపోతే క్యాసెట్ అంచున ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. మారియో తెలుసు, కాంట్రా తెలుసు. నింటెండో అన్న పేరు మాత్రం మా ఊళ్లో ఎవరూ వినలేదు. 1983లో జపాన్‌లో ఆ కంపెనీ తెచ్చిన ఫామికామ్ కన్సోల్‌కు చైనా నకలే మా టీవీ గేమ్. 1985 నాటి సూపర్ మారియో ఆట మొత్తం 40 కేబీ. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక్క గుడ్‌మార్నింగ్ బొమ్మ అంతకంటే పెద్దది.

చట్టానికొద్దాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులోని 52వ సెక్షన్, ఒక ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేసే వేరే ప్రోగ్రామ్‌ను సొంతంగా రాయడానికి కావలసిన సమాచారాన్ని, అది మరెక్కడా సులువుగా దొరకనప్పుడు, తీసుకోనిస్తుంది. అందులోని సూత్రాన్ని పరిశీలించి తెలుసుకోనిస్తుంది. అంటే సోనీ వాళ్ల కోడ్‌ను ఎత్తుకురాకుండా సొంతంగా రాసుకున్న ఎమ్యులేటర్‌తో పేచీ లేదు. ఆట సంగతి అలా కాదు. అది ఒకరి సొత్తు. న్యాయంగా కొన్న ప్రోగ్రామ్‌కు పాడైపోతే పనికొస్తుందని ఒక నకలు తీసుకోవచ్చు, సొంతానికి, వ్యాపారం కాకుండా కాపీ చేసుకోవచ్చు అని అదే సెక్షన్ అంటుంది. ఆటలో ప్రోగ్రామ్‌తో పాటు సంగీతం, బొమ్మలు కూడా ఉంటాయి కాబట్టి లాయర్లు వాదించుకోడానికి సందు లేకపోలేదు. నెట్‌లోంచి దింపుకున్నదానికి మాత్రం ఈ గొడుగు లేదు. దొంగ కాపీ అని తెలిసే వాడినవాళ్లకు 63బి సెక్షన్ ఉంది: ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభానికి కాకుండా వాడితే జైలు తప్పించి 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకుంది. యాభై రూపాయలు పుచ్చుకుని ఎక్కిస్తే నాకు ఆ వీలు కూడా ఉండదు.

"పాత ఆటే కదన్నా" అంటారు. కాపీరైట్ హక్కు ఆట రాసినవాళ్ల జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. మనం ఉండగా తీరేది కాదు.

అమెరికాలో ఈ తగాదా ఎప్పుడో కోర్టుకెక్కింది. మ్యాక్ కంప్యూటర్‌లో ప్లేస్టేషన్ ఆటలు నడిపించే ప్రోగ్రామ్ తెచ్చిన కనెక్టిక్స్ మీద సోనీ దావా వేస్తే, 2000లో అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే నిలిచింది. మరుసటి ఏడే సోనీ ఆ ప్రోగ్రామ్‌ను కొనేసి మూలన పెట్టింది. బ్లీమ్ అనే ఇంకో కంపెనీ తీర్పుల్లో గెలిచి, లాయరు ఫీజులకు ఓడి మూతపడింది. 2024లో యుజు సంగతి వేరు. అది నింటెండో స్విచ్ ఎమ్యులేటర్. ఆ ఆటలకు డిజిటల్ తాళాలుంటాయి. వాటిని విప్పించడమే నేరమని నింటెండో పట్టుబట్టింది. యుజు వాళ్లు 24 లక్షల డాలర్లకు, అప్పటి లెక్కన దాదాపు 20 కోట్ల రూపాయలకు, రాజీపడి దుకాణం కట్టేశారు. మన చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ తాళం పగలగొట్టినవాడి ఉద్దేశం చూస్తుంది. హక్కుల్ని కాజేయాలన్న ఉద్దేశం ఉంటేనే శిక్ష. ఈ ఒక్క విషయంలో మనదే మెరుగైన చట్టమని నా అభిప్రాయం.

ఇంత చెప్పి, పాత ఆటలు ఆడుకోవద్దని నేననను. ఎందుకంటే వాటిలో మనవీ ఉన్నాయి. 2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ వాళ్లు తయారుచేయగా ప్లేస్టేషన్ 2 మీద సోనీ విడుదల చేసింది 'హనుమాన్: బాయ్ వారియర్'. పూర్తిగా మన దేశంలో తయారై కన్సోల్‌కెక్కిన తొలి ఆటగా పేరు దానిది. దేవుణ్ని ఆటబొమ్మను చేశారని అప్పట్లో అభ్యంతరాలు కూడా వచ్చాయి. అదే ఏడు హైదరాబాద్ కంపెనీయే అయిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' చేసింది. కబడ్డీ, బిళ్లంగోడు లాంటి మన ఆటలు టీవీలో! 2013కల్లా ప్లేస్టేషన్ 2 తయారీయే ఆగిపోయింది. ప్లేస్టేషన్ 5 ఆ డిస్కులను చదవదు. పాత పెట్టె పాడైతే చాలామందికి ఇక దారి ఎమ్యులేటరే. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది.

మీ ఇంట్లో డిస్కుంటే పని కష్టమేమీ కాదు. డీవీడీ డ్రైవున్న కంప్యూటర్ వెతకాలి, అదే ఇప్పుడు కరువు. గీతలు పడకుండా మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడిచి, డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ అనే ఒక్క ఫైల్‌గా తీసుకోవాలి. మామూలుగా నాలుగున్నర జీబీ దాకా ఉంటుంది. దాన్ని పీసీఎస్ఎక్స్2 అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరవాలి. దానికి బయోస్ అనే ఫైల్ కూడా కావాలి. అది సోనీ సొత్తు, మీ సొంత పెట్టెలోంచే తీసుకోవాలి. పీఎస్‌పీకైతే బయోస్ అక్కర్లేదు. పీపీఎస్ఎస్‌పీపీ యాప్‌లోనే ఔత్సాహికులు రాసి ఉచితంగా ఇచ్చిన చిన్న ఆటల స్టోర్ ఉంది, పిల్లలకు నేను చూపించేది అదే. గూగుల్‌లో వెతికితే కనిపించే డౌన్‌లోడ్ బటన్ల జోలికి మాత్రం పోవద్దు. ఆట అని నొక్కితే మూడు ఎంబీల ఏపీకే (యాప్ ఫైల్) దిగి, తెర నిండా ప్రకటనలు పొంగే ఫోన్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

అనంతపురంలోనో హైదరాబాద్‌లోనో మీ అటక మీద 'హనుమాన్', 'దేశీ అడ్డా' డిస్కులుంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఎండ తగలకుండా దాచి, డ్రైవ్ దొరికిన రోజు ఒక నకలు తీసిపెట్టుకోండి. నెట్‌లో మాత్రం పెట్టకండి.