ఒకే కార్డు, మూడు భాషలు: డిజైన్‌లో పొరల సంగతి

బోరిగుమ్మలో ఒక కాగితం ఒకటికి మించిన భాషల్లో ఉండాల్సి రావడం కొత్తేమీ కాదు. మన ఇళ్ళల్లో తెలుగు, బజార్లో ఒడియా, దేశియా, ఆఫీసుకెళ్తే ఒడియాతో పాటు ఇంగ్లీషు. సరస్వతీ పూజ, గణేశ పూజ వచ్చాయంటే పిల్లలు ఆహ్వాన కార్డులు పట్టుకుని పక్క బడులకీ బయల్దేరతారు. తెలుగు ఇంటికి తెలుగు కార్డు, పక్క బడికి ఒడియా కార్డు ఇవ్వాలి. అందుకని మూడు ఫైళ్ళు చేసుకుంటే తేదీ మారిన రోజున చిక్కొస్తుంది. ఒక ఫైల్లో మారుస్తాం, ఇంకోదాంట్లో పాత తేదీయే ఉండిపోతుంది. సగం మంది ఒకరోజు, సగం మంది ఇంకోరోజు వస్తారు.

దీనికి ఉపాయం ఒకే ఫైలు, అందులో పొరలు. వీటినే కంప్యూటర్లో లేయర్లు అంటారు. అట్లాసులో మ్యాపు మీద ట్రేసింగ్ కాగితం పెట్టి నదులు గీస్తారు కదా, దాని మీద ఇంకో కాగితం పెట్టి రోడ్లు గీశారనుకోండి. నదుల కాగితం లాగేస్తే రోడ్లు మాత్రమే కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ మ్యాపు 2009లో మొదలైంది. దాన్ని ఇంటర్నెట్‌లో తెరిస్తే ఇదే పద్ధతి కనిపిస్తుంది: కావలసిన పొరకు టిక్కు పెడితే వస్తుంది, తీసేస్తే పోతుంది.

కార్డుకైతే ఇంక్‌స్కేప్, గింప్ అనే ఉచిత ప్రోగ్రాములు చాలు. రెంటిలోనూ పొరల పట్టీలో ప్రతి పేరు పక్కన కన్ను బొమ్మ ఉంటుంది, నొక్కితే ఆ పొర మాయం, మళ్ళీ నొక్కితే ప్రత్యక్షం. తాళం బొమ్మ నొక్కితే ఆ పొర పొరపాటున కదలదు. లిబ్రే ఆఫీస్ డ్రాలో ఇంకో సౌకర్యం ఉంది: పొర తెర మీద కనిపించాలా, ప్రింటులో రావాలా అని విడివిడిగా చెప్పొచ్చు. “ఇక్కడ పిల్లవాడి పేరు రాయండి” లాంటి సూచనలు ఒక పొరలో పెట్టి, దానికి ప్రింటు ఆపేస్తే, నింపేవాళ్ళకు కనిపిస్తుంది, కాగితం మీదకు రాదు.

అసలు ఆలోచించాల్సింది ఏది ఎక్కడ పెట్టాలి అన్నదే. తేదీ, సమయం భాషల పొరల్లో పెట్టకండి. అవి 1, 2, 3 అంకెల్లో ఒకే ఉమ్మడి పొరలో ఉండాలి, ఎవరైనా చదవగలరు. ఒక్కచోట మారిస్తే అన్ని కార్డులూ మారతాయి. బడి పేరు, గుర్తు అడుగు పొరలో పెట్టి తాళం వెయ్యాలి. ఒడియా, ఇంగ్లీషు, ఫోటో, అలంకారం – వీటికి స్విచ్చి ఇవ్వొచ్చు. తెలుగు పొరకు ఇవ్వొద్దని నా అభిప్రాయం. పక్క బడికిచ్చే ఒడియా కార్డులో కూడా తెలుగు ఒక మూల చిన్నగానైనా ఉండాలి. చోటు చాలనప్పుడు మొట్టమొదట ఆపేసేది అదే అవుతుంది. తెలుగు బడి కార్డు మీద తెలుగే లేకపోతే ఎలా!

చోటు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఒకే వాక్యం మూడు భాషల్లో ఒకే పొడవు రాదు. పెద్దదానికి సరిపడా పెట్టె గీసుకోవాలి. తెలుగు ఒత్తులు, ఒడియా ఒత్తులు అక్షరం కిందకి దిగుతాయి, వరుసల మధ్య జాగా లేకపోతే “లక్ష్మి”, “స్త్రీ” కింద తెగిపోతాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటే వాడండి. డి.టి.పి. షాపుల్లో వాడే పాత ఫాంట్లతో చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

ఇప్పుడు తల్లిదండ్రులు కూడా గమనించాల్సిన విషయం. కన్ను మూస్తే పొర కనపడదంతే, ఫైల్లోంచి పోదు. ఐడీ కార్డు నమూనాలో పిల్లల ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఉన్న పొరను దాచి, ఆ ఫైలునే వాట్సాప్‌లో పంపితే, తెరిచినవాళ్ళు కన్ను నొక్కి చూసుకోవచ్చు. ఇంక్‌స్కేప్ ఫైలునైతే నోట్‌ప్యాడ్‌లో తెరిచినా దాచిన అక్షరాలు చదవొచ్చు. అందుకని బయటికి పంపేది ఎప్పుడూ పి.ఎన్.జి. బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేసిందే అయ్యుండాలి. అందులో దాచిన పొరలు ఉండవు. అసలు ఫైలు బడి కంప్యూటర్లోనే ఉండాలి. పిల్లల వివరాలైతే నమూనాలో పెట్టకపోవడమే మేలు.

పిల్లలకో లెక్క. స్విచ్చిలు మూడుంటే కార్డు ఎన్ని రకాలుగా రావచ్చు? ఒక్కోదానికి రెండు స్థితులు, 2×2×2, అంటే 8. నాలుగైతే 16. స్విచ్చి ఇచ్చినవాళ్ళు ఆ పదహారూ ఒక్కసారైనా తెరిచి చూడాలి, ఫోటో ఆపినప్పుడు ఖాళీ చట్రం ఒక్కటే మిగిలిందా, ఇంగ్లీషు, ఒడియా ఒకదాని మీద ఒకటి పడ్డాయా అని. అంత ఓపిక లేకపోతే స్విచ్చిలు రెండుకి తగ్గించండి, నాలుగు కార్డులు చూస్తే సరిపోతుంది.