కొలత బడికి... బెంగ బిడ్డకా?

2024 డిసెంబరు 4న దేశమంతటా జరిగిన 'పరఖ్' రాష్ట్రీయ సర్వేక్షణలో 3, 6, 9 తరగతుల విద్యార్థులు 21 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. ఇది విద్యావ్యవస్థను తూచే కొలమానం. ఏ విద్యార్థికీ విడిగా మార్కులుండవు, ఉత్తీర్ణత ప్రసక్తే లేదు. అయినా పలు రాష్ట్రాల్లో ముందునుంచే నమూనా పరీక్షలతో పిల్లలను తర్ఫీదు చేశారు. జిల్లా స్థానంపై అధికారులకున్న ఆదుర్దాను ఎనిమిదేళ్ల పసివాడి నెత్తిన రుద్దడం ఏం న్యాయం? జవాబు గుర్తించే పద్ధతిని ఒకటి రెండుసార్లు చూపితే చాలు. పెద్ద తరగతుల్లో కొందరినే ఎంపిక చేస్తారు. అది చీటీలు తీసినట్లు జరిగేదని ముందే చెబితే మిగిలినవారు చిన్నబుచ్చుకోరు. "తెలియకుంటే వదిలెయ్యి నాన్నా, ఏం నేర్పాలో మాకు తెలుస్తుంది" అని ఉపాధ్యాయుడు అనగలగాలి. ఇక తల్లిదండ్రులు ఆ ఉదయం వేళకు ఫలహారం పెట్టి పంపితే సరి.