సంతవీధిలో సెలవుల ఇల్లు

ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దుకు దగ్గరగా, ష్రాప్‌షైర్‌లో లడ్లో అనే చిన్న ఊరుంది. అక్కడి పాత ఇళ్లలో కొన్నిటిని వారానికో, రెండు మూడు రోజులకో సెలవుల అద్దెకిస్తారు. వంటగదితో సహా ఇల్లంతా మన చేతికొస్తుంది. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఆ వంటగది పెద్ద ఊరట. పొద్దున ఉప్మా, రాత్రికి చారన్నం. పసిపిల్లకు ఏ వేళకైనా పాలు కాచుకోవచ్చు.

ఇల్లు ఎంచుకునే ముందు అది అలా ఎందుకుందో తెలిస్తే మంచిది. లడ్లో తనంతట తాను పెరిగిన ఊరు కాదు. 11వ శతాబ్దం చివర్లో నార్మన్ ప్రభువులు ఇక్కడ కోట మొదలుపెట్టారు. తర్వాత దాని ముందు వెడల్పాటి సంతవీధి వేసి, అక్కణ్ణుంచి టీమ్ నది వైపు వీధులు దించి, స్థలాలు కొలిచి పంచారు. బజారు వైపు ముఖం దొరకడమే గొప్ప కనుక స్థలాలు ముందు ఇరుకు, వెనక్కి బాగా పొడుగు. ముందు దుకాణం, పైన కాపురం, వెనక పెరడు: మన పాత బజార్లలోని రైలుపెట్టె ఇళ్లలాగే. 18వ శతాబ్దంలో కలిగినవాళ్లు బ్రాడ్ స్ట్రీట్‌లో పాత కొయ్యచట్రం ఇళ్ల ముందు ఇటుక గోడలు లేపారు. బయట తీరైన కిటికీల వరసలు చూసి లోపలికెళితే దూలాలు తలకు తగులుతాయి, నేల ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

పిల్లలకు ఆ ఒరుగే ఆట. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు మాత్రం నిటారు మెట్లు కష్టం. యజమాని ఆ మెట్లను మార్చాలన్నా తేలిక కాదు. ఊళ్లో దాదాపు 500 కట్టడాలు చట్టరక్షణలో ఉన్నాయి. వాటి రూపం చెడేలా అనుమతి లేకుండా మార్పులు చేస్తే నేరం. అందుకే ‘కుటుంబాలకు అనువైనది’ అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టేయొద్దు. కింద పడగ్గది, స్నానాలగది ఉన్నాయా? మెట్లకు పిల్లల గేటుందా? పెరటికి కంచె ఉందా? సంత రోజున కారు ఎక్కడ నిలపాలి? ఇవి అడగాలి. గ్యాస్ పరికరాలుంటే ఏటా తనిఖీ చేయించడం యజమాని బాధ్యత. ఆ పత్రం చూపించమనడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇల్లు కుదిరాక కారుతో పెద్దగా పనుండదు. కోట ముందున్న చౌకులో ఇప్పటికీ సంత జరుగుతుంది. అక్కడుండే విక్టోరియా కాలపు మార్కెట్ భవనాన్ని 1986లో కూల్చేశాక అంగళ్లు మళ్లీ ఆరుబయటికొచ్చాయి. కోటలో పిల్లలకు చెప్పడానికి కథ ఉంది: ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి అన్న అయిన యువరాజు ఆర్థర్ 1502లో ఇక్కడే చనిపోయాడు. అతను బతికుంటే హెన్రీకి సింహాసనం దక్కేది కాదేమో.

ఒక్క ప్రశ్న మాత్రం మిగులుతుంది: ఇలాంటి ఇళ్లన్నీ సెలవుల అద్దెకే పోతే ఊరివాళ్లు ఎక్కడుండాలి? సెలవుల ఇళ్లకున్న ప్రత్యేక పన్ను వెసులుబాట్లను బ్రిటన్ ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి తీసేసింది. అద్దె కాస్త పెరిగినా నాకది న్యాయమే అనిపిస్తుంది. జనవరి చలిలోనూ ఆ అంగళ్లలో కూరలు కొనేవాళ్లకు ఆ వీధుల్లోనే ఇళ్లు మిగలాలి.