బైబిలు పక్కన ఉండాల్సిన పుస్తకాలు

నకరికల్లు చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు బైబిలు ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. పల్నాడుకు ఆ గ్రంథంతో పరిచయం పాతది. లూథరన్ మిషనరీ హెయర్ 1849లోనే గురజాలలో మకాం పెట్టాడు. ఆ బైబిల్లో 119వ కీర్తన తీయండి. ఎనిమిదేసి వచనాలకు ఒకసారి ఆలెఫ్, బేత్, గీమెల్ అని కనిపిస్తాయి. చాలామంది వాటిని దాటేసి చదువుతారు. అవి హీబ్రూ అక్షరాల పేర్లు. మూలంలో మొదటి ఎనిమిది వచనాలూ ఆలెఫ్‌తో, తర్వాతి ఎనిమిదీ బేత్‌తో మొదలవుతాయి. అక్షరాలు 22 కాబట్టి వచనాలు 176.

ఆ 22 అక్షరాలూ హల్లులే. అచ్చుల కోసం చుక్కలూ గీతలూ పెట్టే పద్ధతి తర్వాత వచ్చింది. మసొరెట్లు అనే యూదు పండితులు ఆ గుర్తులతో, నోటి పాఠంగా వస్తున్న ఉచ్చారణను స్థిరపరిచారు. ఆ పద్ధతిలో పూర్తిగా మిగిలిన అతి పాత చేతిరాత ప్రతి సుమారు 1008 నాటిది. అదిప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది.

పాఠం స్థిరపడితే సరిపోదు, అర్థం చెప్పేవాళ్లు కావాలి. కాళిదాసుకు మన మల్లినాథసూరి ఎలాగో, యూదుల బైబిలుకు రాషి అలాగ. ఫ్రాన్సులోని త్రోయ్ పట్టణంలో 1040 నుంచి 1105 వరకు జీవించాడు. ముందు పదానికి సూటి అర్థం చెప్తాడు, అవసరమైతే పెద్దల నాటి కథ జోడిస్తాడు. ఆదికాండంలో దేవుడు నరుణ్ణి చేసేటప్పుడు ‘మనం’ అనడమెందుకు? క్రైస్తవులు చాలామంది అక్కడ త్రిత్వాన్ని చూస్తారు. దేవుడు దూతలను సంప్రదించాడనీ, పెద్దవాడు చిన్నవాళ్లను అడిగి పని చేయాలనే వినయం అందులో ఉందనీ రాషి అంటాడు. విశ్వాసం మార్చుకోకుండానే ఈ మాట విని ఆలోచించవచ్చు. తేదీ వేసి అచ్చయిన తొలి హీబ్రూ పుస్తకం ఆయన వ్యాఖ్యానమే, 1475లో ఇటలీలో వచ్చింది.

ఈ చదువు మనకు దూరమేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. మాదిగ కుటుంబాలవాళ్లు, తాము ఎఫ్రాయిము గోత్రీకులమంటారు. 1991లో ప్రార్థనా మందిరం ఏర్పరచుకున్నారు. వాళ్ల నాయకుల్లో ఒకరైన ష్మూయేల్ యాకోబీ 2002లో ‘ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్’ అనే పుస్తకంలో తెలుగువాళ్లకూ హీబ్రూ బైబిలుకూ బంధం చూపాలని ప్రయత్నించారు. తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉందంటే భాషాశాస్త్రం ఒప్పుకోదు. తెలుగు ద్రావిడ భాష, హీబ్రూ సెమిటిక్ భాష. నాలుగు మాటల పోలికతో చుట్టరికం కుదరదు. 2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చిన ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ ఆ సమాజాన్ని దగ్గరగా చూసి, కులమూ మతమూ ఎలా పెనవేసుకున్నాయో చర్చిస్తుంది. రెండూ చదవాల్సినవే. మొదటిది ఒక సమాజం తన గురించి చెప్పుకున్న మాటగా, రెండోది పరిశోధనగా. వంశం సంగతి తేలినా తేలకపోయినా, ఆ ఊరి దళితులు హీబ్రూ నేర్చుకోవడానికి పూనుకోవడం నా దృష్టిలో గొప్ప విషయం.

మన వేదాంత కళాశాలల్లో హీబ్రూ చదివిన అధ్యాపకులకు ఒక విన్నపం. రాషి వ్యాఖ్యానంలో ఆదికాండం వరకైనా నేరుగా హీబ్రూ నుంచి, నకరికల్లు సంతకు వచ్చే మనిషికి అర్థమయ్యే తెలుగులో అందించండి.