కొలది వ్యయముతో రికార్డు యంత్రము నెన్నుకొనుట

నల్లగొండ, మహబూబునగరు సీమల యిండ్లలో పెట్టెల యడుగున పాత రికార్డు లింకను గలవు. వానిని వినగోరు తలిదండ్రులు కొందఱు, ఏ యంత్రము కొనవలయునని మమ్మడిగిరి. చేత సొమ్ము తక్కువయైనపుడు పెట్టె యందము విడిచి ముల్లును, దానిని మోయు చేతిని చూడవలయును.

రికార్డుపై నున్నది యొక్కటే గాడి. 1958లో వ్యాప్తికి వచ్చిన స్టీరియో రికార్డులలో ఆ గాడి రెండు గోడలపై వేర్వేఱు ధ్వనులు చెక్కబడి, కుడి యెడమ స్పీకర్లలో పలుకును. బరువైన ముల్లు ఆ గోడల నరుగదీయును. అరిగిన ధ్వని మరల రాదు. మేము మున్ను చవుకయని యొక చేతిపెట్టె యంత్రమును కొని, మా తండ్రిగారు దాచిన రికార్డును చెడగొట్టుకొంటిమి. ముల్లు బరువు తగ్గించు వీలు దానికి లేకుండెను. కాబట్టి చేతి వెనుక త్రిప్పెడి తూకపు గుండు కలిగి, ముల్లు బరువును సుమారు 2 గ్రాములకు దిద్దుకొన వీలగు యంత్రమునే కోరుడు. అరిగిన ముల్లు మార్చుకొన వీలుండవలయును.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క రికార్డుల గాడి సుమారు మూడింతలు వెడల్పు. వానికి వేఱు ముల్లు కావలయును. నేటి యంత్రములు పెక్కింటికి 33, 45 చుట్లే గలవు, అడిగి కొనుడు. ముల్లునుండి వచ్చు స్వల్పవిద్యుత్తును పెంచు ఫోనో ప్రీయాంపు లోపలనే యున్నచో వేఱు ఖర్చు తప్పును.

యంత్రమును షాబాదు బండపై నుంచి రసమట్టముతో సరిచూడుడు. మేస్త్రి నడిగిన నిచ్చును. రికార్డులను కిటికీచెంత నుంచకుడు. మన వేసవి యెండకు వంగిపోవును.